బిగ్ బెర్తా రాకెట్‌ని పెద్దది చేసి కడుతున్నాం: గొట్టం, మోటారు, పారాచూట్ గురించి చెప్పండి

వంశధార (గుణుపురం)
ఎస్టిస్ కంపెనీ బిగ్ బెర్తా మోడల్ రాకెట్‌ని పెద్ద సైజులో కట్టాలని కాలేజీ పిల్లలతో కలిసి పని మొదలుపెట్టాను. అసలుది 61 సెంటీమీటర్ల పొడవు, 41.6 మిల్లీమీటర్ల లావు. 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద కాగితం చుట్టి గొట్టం చేస్తే 1.8 రెట్లు అవుతుంది, పొడవు 110 సెంటీమీటర్లు. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపువాళ్లు రోల్ లోపలి అట్టగొట్టం ఊరికే ఇస్తామంటున్నారు. ఏది మేలంటారు?

బరంపురం మాస్టారు
ఫ్లెక్స్ గొట్టం వద్దు బాబూ. దాని అట్ట మందం చూశావా? అన్నీ 1.8 రెట్లు పెంచితే బరువు 5.8 రెట్లవుతుంది. అసలు మోడల్ 76 గ్రాములనుకుంటే మీది 440 దాటుతుంది, మోటారు లేకుండానే. కొలతలు పెంచండి గానీ మందం అదే లెక్కన పెంచనక్కర్లేదు. మొత్తం కిటుకు అక్కడే ఉంది.

పైపుకి ముందు పాలిథిన్ షీటు ఒక చుట్టు వేయండి, లేకపోతే ఆరాక గొట్టం ఊడి రాదు. పుస్తకాలకి అట్టలేసే ఖాకీ కాగితాన్ని బెత్తెడు వెడల్పు పట్టీలుగా కోసి, కాస్త నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి ఏటవాలుగా చుట్టండి. రెండో పొర ఎదురు దిశలో రావాలి, కింది అతుకు మీద పై అతుకు పడకూడదు. బుడగ కనిపిస్తే అప్పుడే వేలితో నొక్కి బయటికి తోసేయండి, ఆరాక ఏమీ చేయలేరు. నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర పోతుంది.

ముక్కుకి థర్మోకోల్ చాలు. గరుకు కాగితంతో నున్నగా చేసి, పైన రెండు పొరల కాగితం అంటించండి.

నాగావళి (రాయగడ)
మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. సైజు పెంచినా పీడన కేంద్రం, అంటే గాలి తోపంతా పనిచేసే చోటు (సీపీ), పొడవులో అదే పాళ్లలో ఉంటుంది. గరిమనాభి, అంటే సీజీ, మాత్రం అలా ఉండదు. తేలికైన బల్సా చెక్క రెక్కల బదులు ప్లైవుడ్ పెడతాం, వెనక పెద్ద మోటారు వస్తుంది, దాంతో సీజీ తోకవైపు జారిపోతుంది. సీజీ ఎప్పుడూ సీపీకి కనీసం ఒక గొట్టం లావంత ముందుండాలి, మీ లెక్కలో 75 మిల్లీమీటర్లు. మోటారు పెట్టాకే తూచి చూడాలి, ఖాళీ రాకెట్‌ని కాదు. తక్కువైతే ముక్కులో బరువు వేయండి. సీపీ లెక్కకి బారోమన్ సూత్రాలున్నాయి, ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

రెక్కలు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. గొట్టానికి పైపైన అంటించకుండా చీలిక చేసి, లోపలి మోటారు గొట్టం దాకా దించి అరాల్డైట్ పెట్టండి. నేలకి తగిలినప్పుడు విరిగేది ఆ మూలే.

వంశధార
చాలా థాంక్స్ మాస్టారూ, అన్నా. మోటారుతో కలిపి 600 గ్రాములు వస్తుందనుకుంటున్నాం. ఎఫ్15 మోటారు సరిపోతుందా?

నాగావళి
చాలదు తమ్ముడూ. అక్షరం మొత్తం ఇంపల్స్‌ని, అంటే తోపు ఎంత, ఎంతసేపు అనేది కలిపి చెబుతుంది, దాని పక్క అంకె సగటు తోపు ఎన్ని న్యూటన్లో చెబుతుంది. 600 గ్రాముల బరువుకి అయిదు రెట్లంటే 30 న్యూటన్లు కావాలి. జీ40 లాంటిదైతే నిలబెట్టిన లాంచ్ కడ్డీ వదిలేసరికి మంచి వేగం వస్తుంది. బెర్తాకి రెక్కలు పెద్దవి, నెమ్మదిగా లేస్తే గాలికి ఎదురు తిరిగి పడుకుంటుంది.

ప్రాణహిత (సిరివంచ)
ఇక్కడ అందరూ కొలతలు మాట్లాడుతున్నారు, నాకు టెన్షన్ వేరే. మన దేశంలో మోటారు అంటే పేలుడు పదార్థమే. 1884 నాటి చట్టం, 2008 నిబంధనలు చూసుకోవాలి, పేలుడు పదార్థాల అనుమతులు చూసే పెసో ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. వ్యక్తిగతంగా కాకుండా కాలేజీ లెటర్‌హెడ్ మీదే నడవండి. మోటారు మందు మాత్రం ఇంట్లో కలపొద్దు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే. పిల్లల చేతులు పోతాయి.

ఇంకొకటి. గడ్చిరోలి అయినా, రాయగడ, కొరాపుట్ అయినా పొగ తోకతో ఏదైనా పైకి లేస్తే భద్రతా దళాల క్యాంపుల్లో వాళ్లు ఊరికే చూస్తూ కూర్చోరు. పోలీస్ స్టేషన్‌కీ, కలెక్టరాఫీసుకీ రాతపూర్వకంగా చెప్పి, స్టాంపు వేయించుకున్న కాపీ జేబులో పెట్టుకోండి. పక్క ఊరి సర్పంచికి కూడా ముందే చెప్పండి.

నల్లరేగడి (దెగ్లూరు)
పారాచూట్ లెక్క నేను చేశాను. దిగేటప్పుడు 550 గ్రాములు, సెకనుకి 5 మీటర్ల వేగం అనుకుంటే 78 సెంటీమీటర్ల అడ్డకొలత వస్తుంది. పాత గొడుగు గుడ్డ కత్తిరించి వాడొచ్చు, కాకపోతే పారాచూట్‌ని బయటికి తోసే మందు (ఎజెక్షన్) వేడికి కరుగుతుంది కాబట్టి వేడిని తట్టుకునే నోమెక్స్ గుడ్డలో చుట్టండి. మోటారు దగ్గరి తాడు కెవ్లార్‌ది పెట్టండి, ఎలాస్టిక్ కాలిపోతుంది.

300 మీటర్ల ఎత్తు నుంచి దిగడానికి నిమిషం పడుతుంది. సెకనుకి 4 మీటర్ల గాలి ఉంటే పావు కిలోమీటరు దాకా కొట్టుకుపోతుంది. మాకు పత్తి తీసేశాక చేలు ఖాళీ, చెట్లు తక్కువ. మీ వైపు ఎలా?

వంశధార
కోతలయ్యాక వరి మళ్లు ఖాళీగానే ఉంటాయి అక్కా, గట్ల మీద తాటిచెట్లే భయం.

బరంపురం మాస్టారు
అయితే గాలి రాకెట్‌ని తాటిచెట్లున్న గట్టువైపు తోయని చోట చూసి కడ్డీ పాతండి. అమెరికాలో మోడల్ రాకెట్లవాళ్ల సంఘం ఎన్‌ఏఆర్ నియమాల ప్రకారం జీ మోటారుకి 300 మీటర్ల మైదానం కావాలి, మనుషులు 9 మీటర్ల దూరంలో ఉండాలి. మీ పిల్లల్ని ఇంకా వెనక్కి నిలబెట్టు. కడ్డీ చుట్టూ గడ్డి, వరి దుబ్బులు చెక్కేసి నీళ్లు చల్లండి, రెండు బిందెల నీళ్లు పక్కన ఉంచండి. గొట్టం ఆరాక తూచి ఆ బరువు ఇక్కడ పెట్టు బాబూ, ముక్కులో ఎంత వేయాలో అప్పుడు చూద్దాం.