టెక్సాస్ స్టార్ రిజల్ట్స్‌లో గ్రూపుకీ గ్రూపుకీ ఇంత తేడా ఏంటండీ? ఆల్జీబ్రా నంబర్ చూసి ఇల్లు వద్దనుకోవాలా?

వలసపక్షి:
హాయ్ అందరికీ. ఈ సమ్మర్‌లో న్యూజెర్సీ నుంచి డాలస్ సైడు మూవ్ అవుతున్నాం, మా అమ్మాయి నైన్త్ గ్రేడ్‌లో చేరాలి. ఒక ఇల్లు బాగా నచ్చింది గానీ దానికి పడే హైస్కూల్ టీఏపీఆర్ రిపోర్ట్ (ప్రతి స్కూల్ రిజల్ట్స్ గ్రూపులవారీగా చూపిస్తూ రాష్ట్రం ఇచ్చేది) తీసి చూస్తే బుర్ర తిరిగింది. హైస్కూల్ డిప్లొమాకి స్టార్ అని రాష్ట్రం పెట్టే పరీక్షలు ఐదు పాసవ్వాలంట కదా, ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, యూఎస్ హిస్టరీ. హిస్టరీలో అన్ని గ్రూపులూ అటూ ఇటూగా బానే ఉన్నాయి, ఆల్జీబ్రాకి వచ్చేసరికి స్కూల్ మొత్తం మీదే పాస్ తక్కువ, ఏషియన్ కాలమ్‌లో అసలు నంబరే లేదు, నక్షత్రం గుర్తు పెట్టి వదిలేశారు. ఇంగ్లిష్‌లో ఏమో ఏషియన్ పిల్లలు టాప్, ఎమర్జెంట్ బైలింగ్వల్ అని ఒక గ్రూపు ఎక్కడో అడుగున. మా ఆయన "లెక్కలు చెప్పడం రాని స్కూల్ కోసం అంత డబ్బు పోసి ఇల్లెందుకు" అని ఒకటే గొడవ. ఈ నంబర్లు ఎలా చదవాలో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

చాక్‌పీస్:
నేను ఇక్కడే హైస్కూల్లో మ్యాథ్ చెప్తానండీ. మీ వారికి చెప్పండి, లెక్కలు బాగా వచ్చిన పిల్లల్లో చాలామంది ఆ ఆల్జీబ్రా నంబర్‌లో అసలు లేనే లేరని. మీరు చూస్తున్నలాంటి ఏరియాల్లో బోలెడుమంది ఆల్జీబ్రా 1 ఎయిత్‌లోనే, కొందరైతే సెవెంత్‌లోనే తీసేసుకుంటారు, పరీక్ష కూడా అప్పుడే రాసేస్తారు, ఆ రిజల్ట్ మిడిల్ స్కూల్ ఖాతాలోకి పోతుంది. ఇక హైస్కూల్లో ఆల్జీబ్రా 1 రాసేదెవరు? నైన్త్‌లో మొదటిసారి తీసుకునేవాళ్ళు, ఇంతకుముందు తప్పి మళ్ళీ రాసేవాళ్ళు. వాళ్ళ పాస్ పర్సంటేజీని స్కూల్ మొత్తానికి అంటగడితే ఎలా?

నక్షత్రం సంగతీ దాదాపు అంతే. ఒక గ్రూపులో రాసినవాళ్ళు మరీ కొద్దిమంది అయితే ఏ పిల్లాడికి ఎంతొచ్చిందో బయటపడిపోతుందని నంబర్ దాచేస్తారు. అంటే ఏషియన్ పిల్లలు అక్కడ ఫెయిలయ్యారని కాదు, ఆ బిల్డింగ్‌లో కూర్చుని ఆ పరీక్ష రాసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది అని. హిస్టరీ అయితే మామూలుగా లెవెన్త్‌లో అందరూ రాస్తారు కాబట్టి అక్కడ స్కూల్ అసలు రూపం కాస్త తెలుస్తుంది. ఆ హైస్కూల్‌కి పిల్లలొచ్చే మిడిల్ స్కూళ్ళ రిపోర్టులు కూడా తెరిచి చూడండి, ఆల్జీబ్రా కథ మొత్తం అక్కడుంటుంది.

కాఫీబ్రేక్:
ఇంత రీసెర్చ్ ఎందుకండీ బాబూ. రేటింగ్ సైట్‌లో పదికి తొమ్మిది ఉంటే కొనేయడమే. మేమంతా అలాగే కొన్నాం.

అంకెలపిచ్చి:
@కాఫీబ్రేక్ బ్రో, రేటింగ్ చూసి ఇళ్ళ రేట్లు పెరుగుతాయి, ఆ రేట్లు పెట్టగలిగినవాళ్ళే వచ్చి చేరతారు, వాళ్ళ పిల్లల మార్కులతో మళ్ళీ రేటింగ్ పెరుగుతుంది, ఇందులో స్కూల్ ఏం నేర్పిందో ఎక్కడ తెలుస్తుంది చెప్పు.

వలసపక్షి గారూ, ఇంకోటి గమనించండి. స్టార్‌లో పాస్ అంటే "అప్రోచెస్" అనే లెవెల్ దాటితే చాలు, దానిపైన "మీట్స్", ఆ పైన "మాస్టర్స్" ఉన్నాయి. పాస్ కాలమ్‌లో గ్రూపులన్నీ దగ్గరగా కనిపించినా మీట్స్ కాలమ్‌లోకి వెళ్తే గ్యాప్ ఒక్కసారిగా తెరుచుకోవచ్చు, ఎందుకంటే గీత కింద పెడితే అందరూ దాటేస్తారు, పైకి జరిపితే ఎవరు ఎక్కడ ఆగారో బయటపడుతుంది. పిల్లలు అదే పిల్లలు, మార్కులు అవే మార్కులు, గీత జరిగిందంతే.

గ్యాప్ తగ్గిందా పెరిగిందా అన్నది కూడా చెప్పేవాడి చేతిలోనే ఉంటుంది. ఫ్లోరిడా పాత కేసు ఒకటుంది, డెబ్రా పీ వర్సెస్ టర్లింగ్టన్. 1977లో అక్కడ పాసైతేనే డిప్లొమా అనే ఈ టైపు పరీక్ష మొదటిసారి పెడితే నల్లజాతి పిల్లల్లో 78 శాతం తప్పారు, తెల్లపిల్లల్లో 25 శాతం. మూడో ఛాన్స్ కూడా అయ్యాక ఇంకా తప్పి ఉన్నవాళ్ళు సుమారు 20 శాతం, 2 శాతం. ఇప్పుడు తీసివేత చేస్తే గ్యాప్ 53 పాయింట్ల నుంచి 18కి పడిపోయింది, వాహ్ అనొచ్చు. భాగహారం చేస్తే మూడు రెట్లున్న తేడా పది రెట్లయింది, ఘోరం అనొచ్చు. రెండూ నిజమే. కోర్టు మాత్రం ఈ నల్లజాతి పిల్లలు చదువు మొదలుపెట్టిందే తెల్లవాళ్ళ నుంచి విడదీసిన స్కూళ్ళలో కదా, నేర్పని దానికి డిప్లొమా ఎలా ఆపుతారు అని 1983 బ్యాచ్ దాకా ఆ రూల్ అమలు చేయొద్దంది. నాకు ఆ తీర్పులో నచ్చింది అదే, నంబర్‌తో ఆగకుండా వీళ్ళకి పాఠం అందిందా లేదా అని అడిగింది.

పల్లకి:
ఎమర్జెంట్ బైలింగ్వల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, మా వాడు ఆ గ్రూపులోనే ఉండి బయటికొచ్చాడు. ఇంగ్లిష్ ఇంకా సరిగ్గా రాని పిల్లల్ని అందులో పెడతారు, వచ్చేసిందని తేలగానే తీసేస్తారు. అంటే బాగా నేర్చుకున్న ప్రతి పిల్లా ఆ కాలమ్ వదిలి వెళ్ళిపోతుంది, నిన్నమొన్న వేరే దేశం నుంచి దిగినవాళ్ళు కొత్తగా వచ్చి చేరతారు. ఆ గ్రూపు ఎప్పుడు చూసినా కిందే ఉంటుంది, స్కూల్ ఎంత కష్టపడినా సరే. 2015 ఫెడరల్ విద్యా చట్టం వచ్చాక బయటికెళ్ళిన పిల్లల్ని కూడా నాలుగేళ్ళదాకా ఆ గ్రూపు లెక్కలో కలుపుకునే వీలుంది, దాంతో నంబర్ కాస్త పైకి కనిపిస్తుంది. అలాగని అక్కడ సమస్య లేదనట్లేదు. ఆరేడేళ్ళు ఇక్కడే చదివి కూడా ఇంకా అదే గ్రూపులో ఉన్నారంటే మాత్రం స్కూల్‌ని నిలదీయాల్సిందే.

ఏషియన్ కాలమ్ చూసి మనవాళ్ళు మురిసిపోవడం కూడా నాకు ఎక్కదు. ఇంజనీర్ల పిల్లలూ, శరణార్థులుగా వచ్చిన కుటుంబాల పిల్లలూ అందరినీ కలిపి ఒకే డబ్బాలో వేసి తీసిన సగటు అది.

కాఫీబ్రేక్:
ఈ గోలంతా ఎందుకు, పరీక్షే తీసేస్తే పోలా. మసాచుసెట్స్‌లో 2024లో ఓటు పెట్టి డిప్లొమాకి ఎంక్యాస్ (అక్కడి రాష్ట్ర పరీక్ష) పాసవ్వాలన్న రూల్ తీసేశారుగా.

చాక్‌పీస్:
అక్కడ తీసేసింది రూల్‌నే, పరీక్ష ఇంకా పెడుతూనే ఉన్నారు. కాలిఫోర్నియా 2015లో ఎగ్జిట్ ఎగ్జామ్ ఆపేసి, అంతకుముందు ఆ ఒక్క పరీక్ష వల్లే డిప్లొమా ఆగిపోయినవాళ్ళకి కూడా ఇచ్చేసింది, అది మంచిదే అంటాను నేను. కానీ తేడా ఎక్కడికీ పోదు, పదో క్లాసులో కనపడాల్సింది కాలేజీ మొదటి సెమిస్టర్‌లో కనపడుతుంది. టెక్సాస్‌లో అయితే మధ్యేమార్గం ఒకటుంది, ఐదులో రెండు దాకా తప్పినా స్కూల్లో కమిటీ కూర్చుని ఆ పిల్లాడి మిగతా వర్క్ చూసి గ్రాడ్యుయేట్ చేయొచ్చు, 2015 నుంచి ఉంది.

వలసపక్షి:
అందరికీ థాంక్స్ అండీ, మా ఆయనకి ఈ థ్రెడ్ పంపించా. ఆయన చదివి "సరే మిడిల్ స్కూల్ రిపోర్ట్ తియ్యి" అన్నారు. ఒక చిన్న డౌట్, మా అమ్మాయి న్యూజెర్సీలో ఎయిత్‌లోనే ఆల్జీబ్రా 1 చేసేసింది. అక్కడికెళ్ళాక మళ్ళీ ఆ పరీక్ష రాయాలా?

చాక్‌పీస్:
టెక్సాస్‌లో చేరకముందే వేరే స్టేట్‌లో ఆ కోర్సుకి హైస్కూల్ క్రెడిట్ వచ్చి, దాన్ని ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటే ఆ సబ్జెక్ట్ స్టార్ రాయక్కర్లేదు. కాకపోతే ఎయిత్‌లో చేసింది కాబట్టి హైస్కూల్ క్రెడిట్‌గా ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, మార్కుల రికార్డు) మీద పడిందా లేదా అన్నది మీ పాత స్కూల్లోనే కనుక్కోండి, స్కూళ్ళకి సెలవులిచ్చేలోపే అడగండి, జులైలో అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరు.