ఎం4 కూపే ఎడమ డోర్ గ్లాస్ పగిలింది, ఊళ్లోనే మార్పించవచ్చా?

ప్రశ్న (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. మా బావగారి కారు బీఎండబ్ల్యూ ఎం4 కూపే. హైదరాబాద్ నుంచి వచ్చి మా ఇంటి పక్క కొబ్బరి తోటలో నీడన పెట్టారు. కాలవ గట్టు మీద గడ్డి కోసే మిషన్ నడుస్తుంటే రాయి ఎగిరొచ్చి ఎడమ డోర్ గ్లాస్‌కి తగిలింది. గ్లాస్ మొత్తం పటిక బెల్లం ముక్కల్లా రాలిపోయింది. కొంత సీటు మీద పడింది, మిగతాదంతా డోర్ లోపలికి దిగిపోయింది. డోర్‌కి పైన ఫ్రేమ్ లేదు. పైన మబ్బు పట్టి ఉంది, బావగారికి ఒకటే టెన్షన్.

ఇక్కడే ఎవరిచేతనైనా వేయించవచ్చా, హైదరాబాద్ పంపక తప్పదా? ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే మంచిదా? తెలిసినవాళ్లు చెప్పండి.

సమాధానం (పాలకొల్లు)

ముందు వాన సంగతి చూడండి. ఆ డోర్ పవర్ విండో స్విచ్ ఎవరూ నొక్కకూడదు. లోపల గ్లాస్‌ని ఎత్తి దించే రెగ్యులేటర్ పట్టాల్లో గాజు ముక్కలు ఇరుక్కుని ఉంటాయి, మోటార్ తిప్పితే కేబుల్ పాడవుతుంది. గ్లాస్‌తో పోయేది రెగ్యులేటర్ దాకా వస్తుంది.

ఏదీ కదపకముందే ఫొటోలు తీయండి. బయటి నుంచి ఒకటి, లోపలి నుంచి ఒకటి, నంబర్ ప్లేట్ కనపడేలా ఒకటి. ఆ రాయి దొరికితే దాన్నీ తీయండి. తర్వాత మందపాటి పాలిథిన్ షీట్‌ని డోర్ పైనుంచి లోపలికీ బయటికీ వేలాడేలా వేసి డోర్ మూసేయండి. లోపలి వైపు టేప్ అంటించుకోవచ్చు. బయట పెయింట్ మీద మాత్రం ప్యాకింగ్ టేప్ వేయకండి, ఎండకి జిగురు పట్టేసి లాగితే పెయింట్ మీద మచ్చ పడుతుంది. మాస్కింగ్ టేప్ అయితే ఫరవాలేదు. దాని మీద ధాన్యానికి కప్పే బరకం ఒకటి వేసి, అంచులు గాలికి పెయింట్‌కి రాసుకోకుండా కట్టండి. కారుని తోటలోంచి తీసి షెడ్డులో పెట్టండి. కొబ్బరి చెట్టు కింద కారు పెట్టడం ఎప్పటికైనా ప్రమాదమే.

సమాధానం (కాకినాడ)

కాకినాడలో గ్లాస్ షాపులు చాలా ఉన్నాయి కదండి. పగిలిన దాని కొలత ఇస్తే కోసి ఇస్తారేమో. మా పాత వ్యాన్‌కి అలాగే వేయించాం.

సమాధానం (రాజమహేంద్రవరం, బాడీ షాపు పని)

కాకినాడ మిత్రమా, ఆ పని వద్దండి. కారు పక్క గ్లాస్ చాలావరకు టెంపర్డ్ గ్లాస్. అంటే ముందే కోసి, రంధ్రాలు వేసి, వంపు తిప్పి, బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ కోయలేరు, కోయబోతే మొత్తం పొడైపోతుంది. షాపులో కోసి ఇచ్చారంటే అది మామూలు కిటికీ అద్దమే. గుద్దుకున్నప్పుడు మామూలు అద్దం కత్తుల్లా చీలుతుంది, అదీ మెడ పక్కనే. మోటారు వాహనాల నిబంధనలు కూడా మామూలు అద్దాన్ని ఒప్పుకోవు. యాక్రిలిక్ షీట్ గురించి ఎవరైనా చెప్పినా వినకండి.

అమలాపురం తమ్ముడూ, ఇక మీ కారు. చిన్న ముక్కలుగా రాలిందన్నారు కాబట్టి మీది టెంపర్డే. కొన్ని ఖరీదైన కార్లకు పక్క గ్లాసులు కూడా రెండు పొరల లామినేటెడ్ వస్తాయి. అవి పగిలినా మధ్య పొరకి అంటుకుని నిలబడతాయి, ఇలా రాలవు. అయినా అంచనా మీద ఆర్డర్ పెట్టకండి. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఇచ్చి, దాని మీద వచ్చే పార్ట్ నంబరే తీసుకోండి. ఎం3 గ్లాస్ దీనికి పట్టదు, అది నాలుగు డోర్ల ఫ్రేమ్ ఉన్న కారు. గ్లాస్‌తో పాటు డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు ఉండే కవర్) క్లిప్పులు, గ్లాస్ దిగే చోట బయటివైపు ఉండే బీడింగ్ కూడా అడగండి. పాత బీడింగ్ మెత్తటి అంచులో గాజు నలుసు ఒక్కటి మిగిలినా కొత్త గ్లాస్ మీద నిలువు గీత పడుతుంది.

గ్లాస్ చెక్క పెట్టెలో వస్తుంది. పార్సిల్ మనిషి ఉండగానే వీడియో తీస్తూ విప్పండి. టెంపర్డ్ గ్లాస్‌కి బలహీనత అంచుల్లో ఉంటుంది. మధ్యలో గట్టిగా తట్టినా తట్టుకునే గ్లాస్, అంచున చిన్న పెచ్చు లేచి ఉంటే తర్వాతెప్పుడో ఉన్నట్టుండి పగిలిపోతుంది. అంచులన్నీ వేలితో తడిమి చూడండి, గ్లౌజు వేసుకుని.

ఊళ్లో చేయించవచ్చా అంటే, డోర్ విప్పి గ్లాస్ ఎక్కించడం అనుభవం ఉన్న మెకానిక్ ఎవరైనా చేస్తారు. కానీ ఫ్రేమ్ లేని డోర్ సర్దుబాటు చేసిన చెయ్యి కావాలి. బీఎండబ్ల్యూ కంప్యూటర్‌కి కలిపే స్కానర్ కూడా ఉండాలి. ఈ రెండూ మీ దగ్గర దొరక్కపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీద కంపెనీ సర్వీస్‌కి పంపడమే మేలు. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఆయ్, చాలా థాంక్సండి. స్కానర్ ఉన్న మెకానిక్ ఒకాయన రావులపాలెంలో ఉన్నారు, ఇలాంటి కార్లు చేశారట. ఆయన దగ్గర నేను దగ్గరుండి చేయించుకుంటే ఏమేం చూసుకోవాలో కాస్త వివరంగా చెప్తారా గురువుగారూ?

సమాధానం (రాజమహేంద్రవరం, బాడీ షాపు పని)

చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఫ్రేమ్ లేని డోర్లలో హ్యాండిల్ లాగగానే గ్లాస్ కొద్దిగా కిందికి దిగుతుంది, డోర్ మూశాక పైకెళ్లి రబ్బరులోకి దూరుతుంది. బ్యాటరీ తీస్తే ఈ పని జరగదు. అందుకని బ్యాటరీ తీసేముందు రెండో డోర్ గ్లాస్ కూడా దించేయండి. లేదంటే ఆ డోర్ తీసేటప్పుడు గ్లాస్ రబ్బరుకి పట్టేసి లాగుతుంది. మీ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, పని అయ్యేదాకా డిక్కీ తెరిచే ఉంచండి.

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే డోర్ ప్యాడ్ మీద చెయ్యి వేయాలి. ఈ తరం కార్లలో పక్క నుంచి గుద్దితే పసిగట్టే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ డోర్ లోపల ఉండొచ్చు. దాని కనెక్టర్ ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. స్కానర్‌తో గానీ పోదు.

ప్యాడ్ తీశాక లోపల ఒక పల్చటి షీటు నల్ల జిగురుతో అంటించి కనిపిస్తుంది. చాలామంది దాన్ని చింపేసి, చివర్లో ఎలాగోలా నొక్కేస్తారు. అక్కడే కారు పాడయ్యేది. గ్లాస్ మీద నుంచి డోర్ లోపలికి వాన నీళ్లు దిగడం మామూలే, కింద రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు సీటు వైపు రాకుండా ఆపేది ఈ షీటే. అది సరిగ్గా అంటకపోతే మన జూలై, ఆగస్టు వానలకి కార్పెట్ కింద నీళ్లు చేరతాయి. పైకి తెలియదు, వాసన వచ్చేసరికి వైరింగ్ దాకా వెళ్లి ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని కార్లలో ఆ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ గాలి ఒత్తిడిని చూసేది. డోర్ నొక్కుకుపోగానే లోపలి గాలి ఒక్కసారిగా ఒత్తుకుంటుంది, దాన్ని పట్టుకుని సంకేతం ఇస్తుంది. షీటుకి కంతలుంటే ఆ లెక్క తప్పవచ్చు. కాబట్టి పాత జిగురు పాడైతే కొత్త బ్యూటైల్ టేప్ (మెత్తటి జిగురు టేప్) చుట్టూ వేయించండి. ఫెవిక్విక్, సిలికాన్ వద్దు.

ఇక గాజు ముక్కలు. సగం పని ఇదే. డోర్ అడుగున, రెగ్యులేటర్ పట్టాల్లో, స్పీకర్ వెనక, లాక్ దగ్గర అన్నిచోట్లా వ్యాక్యూమ్ పెట్టాలి. తర్వాత డోర్‌ని అరచేత్తో తట్టి మళ్లీ పెట్టాలి. కింద నీళ్లు పోయే రంధ్రాలు కచ్చితంగా చూడండి. గాజు అడ్డుపడితే డోర్ అడుగున నీళ్లు నిలుస్తాయి. కోనసీమలో సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది, పైగా లోపలి నుంచి పడుతుంది కాబట్టి పెయింట్ పొంగేదాకా కనిపించదు. సీటు పట్టాల్లో, సీటు బెల్ట్ బకిల్ లోపల కూడా నలుసులు ఉంటాయి. బకిల్‌లో ముక్క ఉంటే బెల్ట్ సరిగా పడదు, దాన్ని తల్లకిందులు చేసి వ్యాక్యూమ్ పెట్టించండి. పిల్లలు కూర్చునే కారైతే వెనక సీటు సందులు కూడా వదలొద్దు.

గ్లాస్ ఎక్కించేటప్పుడు ఇద్దరుండాలి. కూపే డోర్ పొడుగు, గ్లాస్ కూడా పెద్దది, బరువైనది. రెగ్యులేటర్ పట్టుల్లో కూర్చోబెట్టి స్క్రూలు ముందు వదులుగానే ఉంచాలి. చివరి బిగింపు కంపెనీ చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బలంతోనే. బలంగా బిగిస్తే గ్లాస్ అక్కడే పోతుంది.

సర్దుబాటులో చూడాల్సినవి ఎత్తు, ముందు వెనకల జరుగు, లోపలికి వంపు. వంపు అంటే గ్లాస్ పై అంచు రబ్బరుని ఎంత నొక్కాలన్నది. తక్కువైతే గాలి చప్పుడు, నీళ్ల కారుడు. ఎక్కువైతే డోర్ మూసుకోదు, రబ్బరు తొందరగా అరుగుతుంది. కుడి డోర్ కంపెనీ సెట్టింగులోనే ఉంది కదా, దాన్నే కొలతగా పెట్టుకోండి. మొదటిసారి గ్లాస్ పైకి ఉంచి డోర్ మూయొద్దు. గ్లాస్ కిందికి దించి డోర్ మూసి, తర్వాత మెల్లగా పైకి తెస్తూ పైకప్పు రబ్బరులోకి ఎలా వెళ్తోందో చూడాలి. ఎత్తు ఎక్కువై నేరుగా డోర్ కొడితే కొత్త గ్లాస్ కూడా పోతుంది.

ఇదంతా కుదిరాకే కంప్యూటర్‌కి గ్లాస్ పై హద్దు, కింది హద్దు నేర్పించాలి. ముందే నేర్పించి తర్వాత ఎత్తు మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. స్కానర్‌తో చేయించండి. అది పూర్తయ్యేదాకా చెయ్యి అడ్డం వస్తే ఆగే రక్షణ పనిచేస్తుందని నమ్మకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

సమాధానం (భీమవరం, ఇన్సూరెన్స్ పని)

క్లెయిమ్ గురించి చెప్తానండి. సమగ్ర పాలసీ అయితే ఇది వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రమే అయితే రాదు. గాజు భాగాలకి తరుగుదల కోత లేదు, పూర్తి ధర లెక్కలోకి వస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం కోత పడుతుంది, జీరో డిప్రిసియేషన్ అనే యాడ్ ఆన్ (అదనపు కవర్) ఉంటే అదీ ఉండదు. 1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకి తప్పనిసరిగా మనం భరించే మొత్తం 2000 రూపాయలు.

కానీ నో క్లెయిమ్ బోనస్ చూసుకోకుండా క్లెయిమ్ పెట్టకండి. వరుసగా క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతూ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా అవుతుంది. ఇలాంటి కారుకి సొంత నష్టం ప్రీమియమే పెద్ద మొత్తం, అందులో సగం తగ్గింపు పోతే ఈ గ్లాస్ ఖర్చు కంటే ఎక్కువే కావచ్చు. ముందు గ్లాస్ కొటేషన్ తెప్పించి, పాలసీ కాగితంలో ఉన్న బోనస్ రూపాయలతో పోల్చండి. బోనస్‌కి రక్షణ ఇచ్చే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే మాత్రం ధైర్యంగా పెట్టొచ్చు. పెట్టదలిస్తే పని మొదలుపెట్టకముందే కంపెనీకి తెలపాలి. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందు డోర్ విప్పితే పేచీ పెడతారు.

ప్రశ్న అడిగినవారు

బావగారి పాలసీలో బోనస్ 50 శాతం ఉందండి, రక్షణ యాడ్ ఆన్ లేదు. లెక్క వేసుకుని చేతి నుంచే పెట్టుకుంటున్నారు. ఛాసిస్ నంబర్ మీద గ్లాస్, బీడింగ్, క్లిప్పులు తెప్పించాం. మీరు చెప్పినట్టే దగ్గరుండి చేయించాను. రంధ్రాల్లో నిజంగానే గాజు ఇరుక్కుని ఉంది.

ఇప్పుడు ఒక్కటే ఇబ్బంది. రావులపాలెం నుంచి తణుకు వైపు 16వ నంబర్ హైవే మీద కాస్త వేగం అందుకోగానే ఎడమవైపు సైడ్ మిర్రర్ వెనక సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. ఇంకో మాట, బావగారు నల్ల ఫిల్మ్ వేయిద్దామంటున్నారు.

సమాధానం (తణుకు)

ఈలకి ఒక పరీక్ష ఉందండి. సన్నటి కాగితం ముక్క రబ్బరుకీ గ్లాస్‌కీ మధ్య పెట్టి డోర్ మూసి, మెల్లగా లాగండి. పై అంచు పొడవునా జాగా మార్చుకుంటూ చూడండి. ఎక్కడ తేలిగ్గా వచ్చేస్తే అక్కడ పట్టు చాలట్లేదు. కుడి డోర్‌కీ అలాగే చేసి పోల్చండి. ఇంకా ఖాయం చేసుకోవాలంటే ఆ ఒక్కచోట బయటి నుంచి మాస్కింగ్ టేప్ వేసి ఓసారి నడిపి చూడండి. చప్పుడు ఆగితే చోటు దొరికినట్టే.

ఫిల్మ్ విషయానికొస్తే, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం, ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. నల్ల ఫిల్మ్ ఆ లెక్కలో నిలవదు, ఆపిన ప్రతిచోటా జరిమానా కట్టుకోవాలి.

సమాధానం (రాజమహేంద్రవరం, బాడీ షాపు పని)

సైడ్ మిర్రర్ దగ్గర చప్పుడంటే ముందు మూల వంపు కొంచెం తక్కువైనట్టుంది. కాగితం పరీక్షలో కూడా అదే తేలితే మెకానిక్ ముందువైపు సర్దుబాటు మాత్రమే కొద్దిగా తిప్పాలి, వెనకది కదపకూడదు. ఎత్తు మారితే హద్దులు మళ్లీ నేర్పించాలి, మర్చిపోవద్దు. తర్వాత గొట్టంతో పైకప్పు మీద నుంచి నీళ్లు మెల్లగా వదిలి, లోపల ఒకరు కూర్చుని చూడండి. ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, అది బాగున్న రబ్బరులోంచి కూడా నీళ్లు తోసేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

కాగితం ముందు మూల దగ్గరే తేలిగ్గా వచ్చేసిందండి. మెకానిక్ గారు అక్కడ మాత్రమే సర్ది, హద్దులు మళ్లీ నేర్పించారు. నీళ్ల పరీక్షలో చుక్క దిగలేదు, హైవే మీద చప్పుడు కూడా లేదు. ఫిల్మ్ ఆలోచన బావగారు మానుకున్నారు. అందరికీ పేరుపేరునా థాంక్సండి.

సమాధానం (పాలకొల్లు)

సంతోషం. మొదటి పెద్ద వాన పడ్డాక ఎడమవైపు కార్పెట్ కింద ఓసారి చెయ్యి పెట్టి చూడమని బావగారికి చెప్పండి.