ఏఎన్ఏ నెగెటివ్ వచ్చింది, ఇంకా మయోసైటిస్ ప్యానెల్ ఎందుకు?

ప్రశ్న (హన్మకొండ): అమ్మకు 52 ఏళ్లు. మూడు నెలల నుంచి పీట మీద కూర్చుంటే నేలకు చేతులు ఆనిస్తే తప్ప లేవలేకపోతోంది, కాజీపేట బస్సు ఎక్కాలంటే వెనక నుంచి నేను పట్టుకోవాలి. సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 4,800, చాలా ఎక్కువ. ఏఎన్ఏ (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) మాత్రం నెగెటివ్. ల్యాబ్‌లో అబ్బాయేమో ‘అయితే మయోసైటిస్ (కండరాల వాపు జబ్బు) లేనట్టే’ అన్నాడు, డాక్టరేమో ఆ జబ్బు యాంటీబాడీలను ఒక్కొక్కటిగా చూసే మయోసైటిస్ ప్యానెల్ రాశారు. మస్తు టెన్షన్‌గా ఉంది, చేయించాలా అన్నా?

జవాబు: చేయించు తమ్ముడూ. ఏఎన్ఏలో హెప్-2 అనే ల్యాబ్ కణాల మీద సీరం (రక్తంలోని పలచటి ద్రవం) వేసి మైక్రోస్కోప్‌లో ఎక్కడ మెరుస్తుందో చూస్తారు, ముఖ్యంగా కేంద్రకంలో. మయోసైటిస్‌లో కనిపించే జో-1, పీఎల్-7, పీఎల్-12 యాంటీబాడీలు పట్టేది కేంద్రకం బయట సైటోప్లాజంలో ఉండే ఎంజైములను, అందుకే జబ్బు ఉన్నా చాలాసార్లు నెగెటివ్ అనే రాసేస్తారు. మీ రిపోర్టులో చివర ‘సైటోప్లాస్మిక్’ అని చిన్న అక్షరాల్లో ఏమన్నా ఉందేమో చూడు. మా ఇంటామెకు సరిగ్గా అదే జరిగింది, ఆ ముక్క నెల తర్వాత గాని మా కంట పడలేదు. ప్యానెల్ పట్టీ మీద ఏ యాంటీబాడీ ఉంటే దాని దగ్గర గీత పడుతుంది. ఆమెకు చేస్తే జో-1 దగ్గర నల్లటి గీత, పక్కనే ఆర్ఓ-52 (తరచూ జో-1తో కలిసి వచ్చే ఇంకో యాంటీబాడీ), ఇంకోచోట కనీకనిపించని సన్న గీత. ఆ సన్న గీత చూసి రాత్రంతా నిద్రపోలేదు, డాక్టరమ్మ మాత్రం లక్షణాలతో కలవని వీక్ పాజిటివ్‌ను పట్టించుకోనక్కర్లేదని కొట్టేసింది. జో-1కేమో వెంటనే ఛాతీకి హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) రాసింది, ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటాయట. అమ్మకు దగ్గు, ఆయాసం, వేళ్ల పక్కన మేస్త్రీ చేతుల్లా పగుళ్లు ఉన్నాయా? కొలెస్ట్రాల్ గోళీ వాడుతోందా?

ప్రశ్న అడిగినవారు: దగ్గు లేదు. అటోర్వాస్టాటిన్ రెండేళ్లుగా వేసుకుంటోంది.

జవాబు: అది డాక్టరుకు ఈరోజే చెప్పు, గోళీ ఆపాలో వద్దో ఆయనే చెప్తారు. స్టాటిన్ (ఈ రకం కొలెస్ట్రాల్ గోళీ) వాడేవాళ్లలో అరుదుగా కండరాల జబ్బు తెచ్చే హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ వస్తుంది, అది చాలా ప్యానెళ్లలో ఉండదు, విడిగా రాయించుకోవాలి.

ఇంకొకరు (ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్): పరగడుపున రానక్కర్లేదు. ఐవీఐజీ (రక్తం నుంచి తీసి, నరానికి ఎక్కించే మందు) ఎక్కించే ఆలోచన ఉంటే మాత్రం రక్తం ముందే ఇవ్వండి, అందులో దాతల యాంటీబాడీలు ఉంటాయి, రిపోర్టు తికమక అవుతుంది. సీపీకే మళ్లీ చేయించాలంటే కండకు ఇంజెక్షన్ వేసుకున్న వెంటనే వద్దు, దానికీ పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: రిపోర్టు మళ్లీ తీసి చూశాను అన్నా, రెండో పేజీలో అడుగున ఉంది ‘సైటోప్లాస్మిక్’ అని.