పీపీ సూట్‌కేసు మూల పగిలింది: రివెట్లా, వేడి పిన్నులా?

నల్లగొండ నుంచి అడుగుతున్నా. 24 అంగుళాల ట్రాలీ సూట్‌కేసు, వెనక చక్రం పక్క మూలలో 7 సెంటీమీటర్ల పగులు. అస్తరు జిప్పు తీసి చూస్తే పెంకు మీద త్రికోణంలో 5, కింద పీపీ అని ఉంది, అంటే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. కాబట్టి సూపర్ గ్లూ చెప్పకండి, పట్టదు. ఎపాక్సీ కూడా ఎండినాక పొలుసులా ఊడొస్తుంది. తప్పు జిగురుది కాదు, ఈ ప్లాస్టిక్ గుణమే అంత.

పగులు ఇంకా సాగకుండా రెండు కొసల్లో 3 మి.మీ. బెజ్జాలు వేసేశాను. ఇప్పుడు రెండు దారులు. ఒకటి, లోపల 1 మి.మీ. అల్యూమినియం రేకు వంచి పెట్టి, 4 మి.మీ. పాప్ రివెట్లు (బయటి వైపు నుంచే గన్‌తో లాగి బిగించే మేకులు) కొట్టడం. తల కింద వాషరు లేకుంటే రివెట్ బిగిసేటప్పుడే పెంకు చీలుతుందని తెలుసు. అసలు ఇబ్బంది మూల వంపు: రేకు ఆనుకోదు, ఆనని చోట రివెట్ కొన్నాళ్లకు వదులవుతుంది. రేకును ముందే వేడి చేసి వంచితే కుదురుతుందా?

రెండోది, కారు బంపర్లకు వాడే వేడి పిన్నుల గన్, అంటే పిన్నును వేడి చేసి పగులుకు అడ్డంగా ప్లాస్టిక్‌లోకి దించేది. పెంకు మందం 2 మి.మీ. కూడా లేదు. 0.6 మి.మీ. మందం పిన్ను వేస్తే బయటికి తేలకుండా ఉంటుందా? 0.8 అయితే బొక్క పడుతుందని నా భయం.

పనిలో పని, 50 మి.మీ. చక్రాలు, 6 మి.మీ. ఇరుసుతో, ప్రకాశం బజారు వైపు దొరుకుతాయా? లేక హైదరాబాద్ పోవాల్నా?