పిల్లల కోసం మహిళా సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణుల కథలు: అన్నీ ఒకే మూసలో పడకుండా ఎలా రాయాలి?

ప్రశ్న (బాలల పుస్తకాల రచయిత్రి)

అందరికీ నమస్కారం. 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు తమంతట తాము చదువుకునేలా మహిళా సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌ను పోలిన ఆట) క్రీడాకారిణుల గురించి ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. అమెరికాకు చెందిన లిసా ఫెర్నాండెజ్, డాట్ రిచర్డ్‌సన్, జెన్నీ ఫించ్, జపాన్‌కు చెందిన యుకికో ఉయెనో, వీరి పేర్లు ఖాయమయ్యాయి. ముసాయిదా పూర్తిచేసి వరుసగా చదివితే అధ్యాయాలన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయి. చిన్ననాటి ఇష్టం, మధ్యలో అడ్డంకులు, ఆపైన పట్టుదల, చివరకు ఒలింపిక్ పతకం. ఒకరి పేరు తీసి మరొకరి పేరు పెట్టినా చదివే పిల్లలకు తేడా తెలియదేమోనని నా బెంగ.

మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. ఈ ఆటను ఎన్నడూ చూడని పిల్లలకు నియమాలు ముందే వివరిస్తే అది పాఠంలా తయారవుతుంది, వివరించకపోతే మ్యాచ్‌లోని ఉత్కంఠ వారికి అందదు. ఇక, ముసాయిదా చదివిన ఒక మిత్రురాలు, పేరుమోసిన పురుష బేస్‌బాల్ ఆటగాళ్లను ఈ స్త్రీలు అవుట్ చేసిన ఘట్టాలతోనే పుస్తకం మొదలుపెట్టమన్నారు. అవి పిల్లలను ఇట్టే ఆకట్టుకుంటాయని నాకూ తెలుసు, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఆట తెలిసినవారు, పిల్లల చదువు తెలిసినవారు మీ అభిప్రాయం చెప్పగలరా?

సమాధానం (సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు)

నియమాల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది కుదిరితే మూస సమస్య కూడా సగం తీరుతుంది. నియమాలకు విడిగా ఒక పేజీ కేటాయించవద్దు. ఒక నియమం ఎవరి మ్యాచ్‌ను తలకిందులు చేసిందో ఆ సంఘటన చెప్పండి, నియమం దానంతటదే పిల్లలకు అర్థమవుతుంది.

దీనికి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ను మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు. మహిళల సాఫ్ట్‌బాల్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది ఆ ఏడాదే. అమెరికా, ఆస్ట్రేలియా తలపడిన మ్యాచ్‌లో డానీ టైలర్ బంతిని కంచె అవతలికి కొట్టి, పరుగు కోసం వరుసగా తాకాల్సిన బేస్‌లన్నీ చుట్టి వచ్చింది. బ్యాటర్ బయలుదేరి తిరిగి చేరాల్సిన హోమ్ ప్లేట్ దగ్గర సహచరులు మూగి చేతులు చాచారు, ఆ సంబరంలో ఆమె పాదం ప్లేటును తాకనేలేదు. ఆస్ట్రేలియా అప్పీలు చేయడంతో ఆమెను అవుట్‌గా ప్రకటించారు, రావలసిన పరుగు రాకుండా పోయింది. అదే మ్యాచ్‌లో ఫెర్నాండెజ్ వరుసగా 29 మంది బ్యాటర్లను ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా వెనక్కి పంపింది. చివరకు పదో ఇన్నింగ్స్‌లో (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్) జోవన్ బ్రౌన్ బంతిని కంచె దాటించి కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్‌తో 2-1 తేడాతో అమెరికా ఓడిపోయింది. ఎవరూ బేస్ చేరనప్పుడు ఒక్క దెబ్బకు రెండు పరుగులు ఎలా వచ్చాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఫలితం తేలకుండా మ్యాచ్ సాగితే, ఇన్నింగ్స్ మొదట్లోనే రెండో బేస్ మీద ఒక రన్నర్‌ను నిలబెట్టి ఆడిస్తారన్న నియమాన్ని అక్కడ చెప్పండి, అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ జట్టే తర్వాత ఫైనల్లో చైనాను 3-1తో ఓడించి స్వర్ణం గెలిచింది కాబట్టి, టైలర్ సంగతి చదివి బాధపడిన పాఠకులు తేరుకుంటారు కూడా.

అంకెల విషయానికొస్తే, రెండు మూడు చాలు, కానీ అవి కథలో పనిచేయాలి. మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచర్, అంటే బంతి విసిరే క్రీడాకారిణి, నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు 13.11 మీటర్లు, బేస్‌బాల్‌లో అదే దూరం 18.44 మీటర్లు. సాఫ్ట్‌బాల్ పిచర్ చేతిని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, నడుము పక్కనుంచి, కింది నుంచి బంతిని వదులుతుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని దాటడానికి 0.43 సెకను పడుతుంది. బేస్‌బాల్ మైదానంలో బ్యాటర్‌కు అంతే వ్యవధి మిగలాలంటే బంతి గంటకు దాదాపు 154 కిలోమీటర్ల వేగంతో రావాలి. ఈ లెక్కను పిల్లల చేతనే చేయించండి. కాగితం మీద తామే లెక్కగట్టిన పిల్లలకు, బ్యాటర్ నిర్ణయం తీసుకోవడానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో ఎవరూ వర్ణించి చెప్పనవసరం లేదు.

ఉయెనో గురించి ఒక హెచ్చరిక. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆమె ఒకే రోజు రెండు మ్యాచ్‌లలో 318 బంతులు, మర్నాడు ఫైనల్లో మరో 95 బంతులు విసిరి జపాన్‌కు స్వర్ణం సాధించిపెట్టింది. ఈ 413 అనే అంకె అద్భుతమే. కానీ దానిని ఎదిగే వయసు పిల్లల ముందు ఆదర్శంగా నిలబెట్టవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. కింది నుంచి విసిరే బంతి భుజానికి హాని చేయదన్న నమ్మకంతో చిన్నారుల చేత విరామం లేకుండా విసిరించే పెద్దలు ఉన్నారు, ఆ భుజాల నొప్పి నేను దగ్గరనుంచి చూస్తున్నాను. ఆమె అప్పటికి ఎన్నో ఏళ్ల శిక్షణ పొందిన 26 ఏళ్ల క్రీడాకారిణి అన్న మాట ఆ అంకె పక్కనే ఉండాలి.

సమాధానం (పిల్లల గ్రంథాలయ నిర్వాహకుడు)

మా దగ్గరికి వచ్చే పిల్లలు క్రీడాకారుల జీవితకథలు చదివాక పతకాల సంఖ్య గురించి దాదాపుగా ఏమీ అడగరు. ఓడిపోయిన రోజున ఆమె ఏం చేసింది, ఎవరితో మాట్లాడింది, మర్నాడు మళ్లీ మైదానానికి వెళ్లిందా అని అడుగుతారు. కాబట్టి ఒక్కో అధ్యాయాన్ని ఆమె జీవితమంతటినీ చుట్టబెట్టే ప్రయత్నంగా కాక, ఆమె తీసుకున్న ఒక్క నిర్ణయం చుట్టూ అల్లితే మీ మూస దానంతటదే విడిపోతుందని నా అభిప్రాయం.

డాట్ రిచర్డ్‌సన్‌నే తీసుకోండి. ఆమెకు పదేళ్లప్పుడు ఒక కోచ్ అబ్బాయిల బేస్‌బాల్ జట్టులో ఆడిస్తానన్నాడు, కాకపోతే జుట్టు కత్తిరించుకోవాలనీ, ఆమెను బాబ్ అనే మగపేరుతో పిలుస్తామనీ షరతు పెట్టాడు. ఆమె వద్దంది. పదమూడేళ్లకే పెద్దల స్థాయి మహిళల సాఫ్ట్‌బాల్‌లో ఆడింది. ఎముకల శస్త్రవైద్యంలో శిక్షణ పొందుతూనే 1996 ఒలింపిక్స్‌కు వెళ్లి, ఫైనల్లో నిర్ణాయకమైన హోమ్ రన్ కొట్టి, తిరిగి ఆసుపత్రి విధుల్లో చేరింది. ఇందులో అసలు కథ హోమ్ రన్ కాదు, పదేళ్ల పిల్ల పలికిన ఆ "వద్దు" అన్న మాట. ఆ షరతు కేవలం ఒక మనిషి చాదస్తం కాదని పిల్లలకు తెలియాలంటే పక్కనే మరియా పేపీ సంగతి చెప్పండి. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పన్నెండేళ్ల మరియా, పిల్లల బేస్‌బాల్ పోటీలు నడిపే లిటిల్ లీగ్ జట్టులో మూడు మ్యాచ్‌లు ఆడాక, ఆడపిల్లను ఆడిస్తే గుర్తింపు రద్దు చేస్తామని ఆ సంస్థ ఒత్తిడి తెచ్చింది, ఆమె తప్పుకోవలసి వచ్చింది. ఆమె తరఫున నడిచిన వ్యాజ్యం ఫలించి 1974లో ఆడపిల్లలకు తలుపులు తెరుచుకునేసరికి మరియాకు ఆ లీగ్‌లో ఆడే వయసు దాటిపోయింది. ఈ అన్యాయం సంగతి పిల్లలు తట్టుకోలేరని భయపడవద్దు. న్యాయాన్యాయాల విషయంలో ఆ వయసు వారికున్నంత పట్టింపు పెద్దలకు ఉండదు.

ఫెర్నాండెజ్‌కు 2000 సిడ్నీ ఒలింపిక్స్ సరిపోతుంది. ఆస్ట్రేలియా మీద ఆమె 25 మందిని స్ట్రైకౌట్ చేసింది, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేసింది, అయినా 13వ ఇన్నింగ్స్‌లో పీటా ఎడెబోన్ కొట్టిన హోమ్ రన్‌తో 2-1 తేడాతో ఓడింది. అమెరికాకు అది వరుసగా మూడో ఓటమి. ఆ రాత్రి జట్టు సభ్యులు పట్టిన దురదృష్టాన్ని కడిగేసుకోవడానికి ఆట దుస్తులతోనే షవర్ కింద నిలబడ్డారు. ఆ తర్వాత వారు మరో మ్యాచ్ ఓడకుండా స్వర్ణం గెలిచారు. పిల్లలు ఈ షవర్ ఘట్టాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుంటారు, అందులో సందేహం లేదు. అయితే అది జరిగిన మర్నాడు వారు ఎంత జాగ్రత్తగా ఆడారో కూడా రాయండి, లేకపోతే నీళ్ల వల్లే గెలిచారనుకుంటారు.

మీ మిత్రురాలి సలహా గురించి: వద్దు. పురుషుణ్ణి ఓడించడమే స్త్రీ ప్రతిభకు కొలమానమని మొదటి పేజీలోనే చెప్పినట్టవుతుంది, ఆ తర్వాత మీరు ఎన్ని మంచి మాటలు రాసినా ఆ కొలమానం చెరగదు.

సమాధానం (సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు)

గ్రంథాలయ నిర్వాహకుల వారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ఆ ఘట్టాలతో పుస్తకం మొదలుపెట్టకూడదు, నిజమే, కానీ పూర్తిగా వదిలేస్తే ఆటలోని గొప్ప సంగతి ఒకటి పోతుంది. 1960ల మొదట్లో జోన్ జాయిస్ ప్రదర్శన మ్యాచ్‌లో టెడ్ విలియమ్స్ వంటి మహా బ్యాటర్‌ను తికమకపెట్టింది. 2004లో జెన్నీ ఫించ్ మరో పేరుమోసిన బేస్‌బాల్ బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్‌ను స్ట్రైకౌట్ చేసింది. ఎందుకు సాధ్యమైందో వివరిస్తే అవి గొప్ప పాఠాలు. ఆ బ్యాటర్ల కళ్లు ఏళ్ల తరబడి పైనుంచి కిందికి దిగే బంతులకు అలవాటుపడ్డాయి. సాఫ్ట్‌బాల్ పిచర్ చేతి నుంచి బంతి నడుము ఎత్తున బయలుదేరి, వెనక్కి తిరిగే సుడితో, ఇంకా పైకి లేస్తున్నట్టు వస్తుంది. ఎంతటి బ్యాటర్‌కైనా నేర్చుకోని బంతిని కొట్టడం కష్టమే. ఫించ్ అధ్యాయం మధ్యలో ఈ మాట వివరంగా రాయండి, ఆమె అరిజోనా విశ్వవిద్యాలయం తరఫున వరుసగా 60 మ్యాచ్‌లు గెలిచిన సంగతి దానికి ముందే ఉంచండి. అప్పుడు పిల్లలు ఆమెను ఆమె ఆటతోనే కొలుస్తారు.

ప్రశ్న అడిగిన వారి స్పందన

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒక్కో అధ్యాయానికి ఒక్కో నిర్ణయం అన్న సూచనతో ముసాయిదాను తిరగరాయడం మొదలుపెట్టాను, ఫించ్ విషయంలో శిక్షకురాలి గారి మార్గమే అనుసరిస్తాను. ఇంకొక్క చిక్కు మిగిలింది. 2008 తర్వాత ఈ ఆటను ఒలింపిక్స్ నుంచి తొలగించారు. శిఖరాన ఉన్న క్రీడాకారిణులకు, తమ తప్పేమీ లేకుండా, ఆడే వేదికే లేకుండా పోయింది. కష్టపడితే ఫలితం దక్కుతుందని చెప్పుకుంటూ వచ్చిన పుస్తకంలో ఈ సంగతిని పదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి?

సమాధానం (క్రీడా పాత్రికేయుడు)

ఉన్నదున్నట్టు చెప్పండి, ఓట్ల లెక్కతో సహా. 2005లో సింగపూర్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశమై, ఏ క్రీడలను 2012 లండన్ ఒలింపిక్స్‌లో కొనసాగించాలో ఓటింగ్ జరిపింది. సాఫ్ట్‌బాల్‌కు అనుకూలంగా 52 ఓట్లు, వ్యతిరేకంగా 52 ఓట్లు పడ్డాయి, ఒకరు ఓటు వేయలేదు. ఆధిక్యం రాలేదు కాబట్టి ఆట పోయింది. 2004 ఏథెన్స్‌లో అమెరికా 51 పరుగులు చేసి ప్రత్యర్థులకు ఒకే ఒక్క పరుగు ఇచ్చింది, ఒకే దేశం గెలుస్తున్న ఆట ఎందుకన్న మాట అప్పట్లో బాగా వినిపించింది. ఆ వాదనకు మైదానంలోనే జవాబు వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. 2008 ఫైనల్లో ఉయెనో చేతిలో అమెరికా 3-1తో ఓడేనాటికి నిర్ణయం జరిగిపోయి మూడేళ్లయింది.

పిల్లలకు ఉపయోగపడేది ఆ తర్వాత జరిగినదే అని నేను నమ్ముతాను. ఒలింపిక్స్ లేకపోయినా వారు ఆడుతూనే ఉన్నారు. జపాన్‌లో కంపెనీల జట్లు ఉన్నాయి. అమెరికా పిచర్ మోనికా అబాట్ అక్కడికి వెళ్లి టొయోటా జట్టు తరఫున ఎన్నో ఏళ్లు ఆడింది. మరో అమెరికా పిచర్ క్యాట్ ఓస్టర్‌మన్ ఆటకు వీడ్కోలు చెప్పి, ఒలింపిక్స్‌లో మళ్లీ చోటు దొరికిందని తెలిశాక తిరిగివచ్చి, 38 ఏళ్ల వయసులో టోక్యోలో ఆడింది. 2021లో జరిగిన ఆ పోటీల ఫైనల్ గురించి మీరు తప్పక రాయాలి. అప్పటికి 39 ఏళ్లు నిండిన ఉయెనో ఆట మొదలుపెట్టింది, మధ్యలో 20 ఏళ్ల మియు గోటోకు బంతి అప్పగించింది. గోటో విసురుతుండగా బలంగా వచ్చిన ఒక దెబ్బ మూడో బేస్ దగ్గరున్న యు యమమోటో చేతికి తగిలి ఎగిరింది, నేల తాకకముందే రెండో, మూడో బేస్‌ల మధ్య కాపుకాసే షార్ట్‌స్టాప్ మానా అట్సుమి దాన్ని ఒడిసిపట్టి, మరో రన్నర్‌ను కూడా అవుట్ చేసింది. బయటికి వెళ్లిన తొలి పిచర్ ఒకసారి తిరిగి రావచ్చన్న సాఫ్ట్‌బాల్ నియమం వల్ల, చివరి ఇన్నింగ్స్‌కు ఉయెనో మళ్లీ వచ్చి 2-0 విజయాన్ని పూర్తిచేసింది. శిక్షకురాలి గారు చెప్పినట్టు నియమం, మనుషులు, ఉత్కంఠ ఇక్కడ విడదీయలేనంతగా కలిసిపోయాయి. పైగా 2008లో ఒంటరిగా 413 బంతులు మోసిన మనిషి, 13 ఏళ్ల తర్వాత ఆ భారాన్ని తనలో సగం వయసున్న అమ్మాయితో పంచుకుంది. భుజాల గురించిన హెచ్చరికకు ఈ ఫైనల్ కంటే మంచి తోడు మీకు దొరకదు.

2024 పారిస్‌లో ఆట మళ్లీ లేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఉంది, అయితే మ్యాచ్‌లు ఓక్లహోమా సిటీలో జరుగుతాయి. ఉండటం, పోవడం, మళ్లీ రావడం అన్న ఈ వరుసను దాచకుండా చివరి అధ్యాయంలో చెబితే చాలు, ఓదార్పు మాటలేవీ జోడించనవసరం లేదు.

సమాధానం (సాఫ్ట్‌బాల్ శిక్షకురాలు)

ఒక చిన్న మనవి. ముఖచిత్రం లోపలి వైపు మైదానం బొమ్మ వేయించి, బేస్‌ల మధ్య 18.29 మీటర్లు, పిచర్ దగ్గర నుంచి ప్లేటుకు 13.11 మీటర్లు అని రాయించండి. చదివే పిల్లలు ప్రతి మ్యాచ్ దగ్గరా వెనక్కి తిప్పి ఆ బొమ్మ చూసుకుంటారు. మీరు ఎంచుకున్న వారిలో ముగ్గురు పిచర్లే కాబట్టి, వీలైతే బ్యాటర్ వెనుక ఉండి బంతి పట్టే ఒక క్యాచర్‌కు కూడా అధ్యాయం ఇవ్వండి. ప్రతి బంతికీ ముందు ఏది విసరాలో సైగ చేసేది, ఇన్నింగ్స్ పొడుగునా మోకాళ్లు వంచి కూర్చుని మైదానమంతటినీ కనిపెట్టేది ఆమే. జట్టులో ఆ స్థానాన్ని ఇష్టపడి ఎంచుకునే చిన్నారులు చాలామంది ఉంటారు, పుస్తకాల్లో మాత్రం వారికి తమలాంటి వారు కనిపించరు.