కొత్త పికప్‌కు హౌసింగ్ సౌండ్: నడపాలా, ఆపాలా?

నకిరేకల్ లోడ్‌బండి:
అన్నలందరికీ నమస్తే. పికప్ తీసుకుని నాలుగు నెలలు, మీటర్ 7,400 మీద ఉంది. వెనక హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా) నుంచి సౌండ్ వస్తోంది. స్పీడు నలభై వరకు ఏమీ ఉండదు. యాభై దాటగానే తేనెతుట్టె కదిలించినట్టు మొదలవుతుంది, అరవై ఐదు దాటితే తగ్గుతుంది. ఎక్సలేటర్ వదిలితే గొంతు మారి సన్నగా కూస్తుంది. లోడున్నా, ఖాళీ అయినా అదే వరస.

షోరూంకు రెండుసార్లు పోయాను. పేరు అడగొద్దు, చెప్పను. మొదటిసారి "కొత్త గేర్లు కదా, ఐదు వేలు తిరిగితే సెట్ అవుతుంది" అన్నారు. ఐదు వేలు తిరిగింది, సౌండే పెరిగింది. రెండోసారి సూపర్‌వైజర్ నా పక్కన కూర్చుని చిట్యాల దాకా వచ్చాడు, విన్నాడు. "ఈ మాత్రం అన్ని బండ్లకూ ఉంటది, నడుపు, పెరిగితే తీసుకురా" అన్నాడు. జాబ్ కార్డు, అంటే ఫిర్యాదు రాసుకునే షీటు కూడా రాయలేదు.

వారానికి నాలుగు ట్రిప్పులు బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి, నిమ్మ వేస్తాను. రాత్రి పదింటికి ఎత్తితే తెల్లారేలోపు దించాలి. ఆపితే కిస్తీ ఎవరు కడతారు? నడిపితే దారిలో ఏమవుతుంది? మీరైతే ఏం చేస్తారు?

జడ్చర్ల ట్రాన్స్‌పోర్ట్:
నడుపు తమ్మీ, నిమ్మళంగా నడుపు. మూడేళ్ల వారంటీ ఉంది కదా? ఇప్పుడు పోతే వాళ్లు ఆయిల్ మార్చి, రెండు బోల్టులు బిగించి పంపుతారు. పూర్తిగా పోయినప్పుడు తీసుకెళ్తే మార్చక తప్పదు. సగం చెడిన సామాను ఎవరూ మార్చరు. మా దగ్గర ఆరు బండ్లు తిరుగుతున్నాయి, అనుభవంతోనే చెప్తున్నా. కొత్త బండికి భయపడి ఇంట్లో పెట్టుకుంటే ఫైనాన్స్ వాడు ఊరుకోడు.

మిర్యాలగూడ గ్యారేజ్:
జడ్చర్ల అన్నా, మీ లెక్క బిల్లుకు సరిపోతుంది, ప్రాణానికి సరిపోదు. ఇంజన్ పట్టేస్తే క్లచ్ తొక్కి పక్కకు తీసుకోవచ్చు. ఆ హౌసింగ్‌లో ఉండే డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలను తిప్పే గేర్ల సెట్టు, క్లచ్‌కు, గేర్‌బాక్స్‌కు కూడా అవతల ఉంది. అందులోని పినియన్ (క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పే చిన్న గేరు) బేరింగ్ పట్టేస్తే క్లచ్ తొక్కినా, న్యూట్రల్ చేసినా లాభం లేదు, వెనక చక్రాలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. వెనక ఒకటిన్నర టన్నుతో, పంతంగి టోల్ దాటాక డెబ్బైలో పోతుంటే బండి ఎటు తిరుగుతుందో మీరే అనుకోండి.

నకిరేకల్ తమ్ముడూ, ఒక పని చెయ్. బండి సమంగా ఉన్నచోట ఆపి, చల్లారాక, హౌసింగ్‌కు పైన ఉండే ఆయిల్ పోసే ప్లగ్ తియ్. కిందిది ముట్టకు. చిటికెన వేలు లోపలికి పెట్టి వంచు. ఆయిల్ రంధ్రం అంచు దాకా తగలాలి. వేలికి అంటింది తెల్ల గుడ్డకు తుడిచి ఎండలో పట్టుకుని చూడు. అప్పుడు మాట్లాడుకుందాం.

హాలియా:
ముందు టైర్లు చూడండి. నాకు ఇట్లాంటి సౌండే వచ్చింది. హౌసింగ్ అనుకుని రెండు నెలలు తిరిగాను, చూస్తే వెనక టైరు గుండీలు ఎగుడుదిగుడుగా అరిగాయి. సీసీ రోడ్డు మీద ఒక సౌండు, తారు రోడ్డు మీద ఒక సౌండు వస్తే అది టైరే.

మిర్యాలగూడ గ్యారేజ్:
నిజమే, అది కూడా చూడాలి. కానీ టైరుకు ఎక్సలేటర్‌తో పనిలేదు, స్పీడుతోనే పని. ఇతనికి ఎక్సలేటర్ వదలగానే గొంతు మారుతోంది. అంటే పళ్లు ఒత్తుకునే వైపు మారగానే సౌండ్ మారుతోంది. వీల్ బేరింగ్ అయితే ఖాళీ రోడ్డులో స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా తిప్పితే ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గాలి. మలుపులోనే కటకటమంటే లోపలి చిన్న గేర్ల మీద అనుమానం. నా అనుమానం పినియన్ మీద. దాని బేరింగ్ వదులైతే పినియన్ వెంట్రుకవాసి ముందుకూ వెనక్కీ జరుగుతుంది, క్రౌన్ పళ్ల మీద కూర్చునే చోటు మారుతుంది. ఆ కూత అక్కడిదే.

నకిరేకల్ లోడ్‌బండి:
పొద్దున చూశాను అన్నా. ఆయిల్ అంచు దాకా ఉంది, తక్కువ లేదు. టైర్లు కూడా సమంగానే ఉన్నాయి. తెల్ల గుడ్డకు తుడిస్తే మాత్రం నల్లటి మరకలో సన్నగా మెరిసింది, పండక్కి పిల్లలు మొహానికి రాసుకునే మెరుపు పొడిలాగా. రెండు మూడు రేకులు గోటికి తగిలాయి. ఫోటో తీశాను. మా ఊరి మెకానిక్ చూసి "140 ఆయిల్ (చిక్కటి గేర్ ఆయిల్) పోస్తే సౌండ్ పోతుంది" అన్నాడు. పోయించాలా?

మిర్యాలగూడ గ్యారేజ్:
పోయించకు! చిక్కటి ఆయిల్ పోస్తే పళ్ల మధ్య మందంగా నిలిచి సౌండ్ తగ్గినట్టు ఉంటుంది, జబ్బు లోపల అట్లనే ఉంటుంది. రేపు షోరూం వాడు "బయట ఏదో పోశారు" అంటే నీ దగ్గర జవాబు ఉండదు. పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అదే ఉండాలి. కింద ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు ముద్ద అంటితే అది మామూలు అరుగుదల, కొత్త బండికి ఉంటుంది. గోటికి తగిలే రేకు మామూలు కాదు. అది బేరింగ్ రోలర్ పైపొర లేచిపోవడం.

నా మాట అదే, బండి ఆపు.

జడ్చర్ల ట్రాన్స్‌పోర్ట్:
ఆపమని చెప్పడం సులభం. గ్యారేజ్ అన్నకు కిస్తీ లేదు కాబట్టి చెప్తున్నాడు. సరే, తమ్మీ ఒక్కటి నిజం చెప్పు, ఎంత లోడ్ వేస్తున్నావ్? పేపర్ల మీద ఒకటిన్నర టన్ను ఉంటుంది, మార్కెట్‌లో ఎవడూ ఒకటిన్నర దగ్గర ఆపడు.

నకిరేకల్ లోడ్‌బండి:
దాచేదేముంది. మామూలుగా 1,400, 1,500 కిలోలు. సీజన్‌లో రెండుసార్లు రెండు టన్నులు దాటింది. ఆ కాంటా చీటీలు కూడా ఉన్నాయి.

జడ్చర్ల ట్రాన్స్‌పోర్ట్:
అయిపోయింది. ఆ చీటీలు ఎవరికీ చూపించకు. వాళ్లకు అదొక్కటి చాలు, వారంటీ అక్కడికే పోతుంది.

దేవరకొండ వకీలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఓవర్‌లోడ్ తప్పే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. దాన్ని నేను సమర్థించను. కానీ సౌండ్ ఎప్పుడు మొదలైంది, రెండు టన్నులు ఎప్పుడు వేశావు అన్నది చూడాలి. సౌండ్ ముందొస్తే ఆ చీటీ మీద తేదీయే నీకు సాక్ష్యం.

ఇక అసలు విషయం. రెండుసార్లు షోరూంకు పోయి జాబ్ కార్డు లేకుండా వచ్చావు. చట్టం దృష్టిలో నువ్వు ఒక్కసారి కూడా పోనట్టే. ఈసారి జాబ్ కార్డు రాసేదాకా తాళం చెయ్యి ఇవ్వకు. అందులో "సౌండ్ వస్తోంది" అని కాదు, "యాభై నుంచి అరవై ఐదు మధ్య వెనక డిఫరెన్షియల్ నుంచి సౌండ్, 7,400 కిలోమీటర్ల దగ్గర" అని రాయించు. అదే మాట కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టు. 1915కు ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చెయ్.

బండి వ్యాపారానిది కాబట్టి వినియోగదారుల కేసు చెల్లదని వాళ్లు అంటారు. అందరికీ అదే పాట పాడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వివరణ స్పష్టంగా ఉంది. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదు. తానే నడుపుకోవడానికి ట్రక్కు కొన్నవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జడ్చర్ల గారి ఆరు బండ్లకు ఇది వర్తించడం కష్టం, మీకు వర్తిస్తుంది. కేసు నల్లగొండలోనే వేసుకోవచ్చు, షోరూం ఎక్కడున్నా సరే. బండి ఖరీదు ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలు. రెండేళ్లలోపు వేయాలి.

అయితే బండి మొత్తం మార్చి ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. వారంటీలో చెడిన భాగం మార్చడమే కంపెనీ బాధ్యత అని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హాలియా:
వకీలు సాబ్, ఇవన్నీ తేలేలోపు బత్తాయి సీజన్ రెండుసార్లు వచ్చిపోతది.

దేవరకొండ వకీలు:
అందుకే ముందు మెయిల్. కేసు చివర్లో.

నకిరేకల్ లోడ్‌బండి:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. గుడ్డ ఫోటో, సౌండ్ రికార్డింగ్ పెట్టి మెయిల్ చేశాను. మూడో రోజు షోరూం మేనేజరే ఫోన్ చేశాడు. అదే సూపర్‌వైజర్, ఈసారి "సార్" అని పిలిచాడు.

నా ముందే విప్పారు. నేనూ పిట్‌లోకి దిగాను. పినియన్ లోపలి బేరింగ్ రోలర్లు చేతిలో పెట్టారు, రెండింటి మీద పొర లేచి చింతగింజ పొట్టు ఊడినట్టు ఉంది. క్రౌన్ పళ్ల మీద ఒక అంచునే మెరిసిన గీత పడింది, మధ్యలో పడాల్సిందట. ఓవర్‌లోడ్ మాట ఎత్తారు. సౌండ్ మూడో నెలలో మొదలైంది, రెండు టన్నులు వేసింది నాలుగో నెలలో అని చీటీ తేదీలు చూపించాను. మాట్లాడలేదు.

ఇప్పుడు క్రౌన్, పినియన్ సెట్టు, బేరింగులు ఫ్రీగా మారుస్తామంటున్నారు. నేను హౌసింగ్ అసెంబ్లీ మొత్తం కావాలన్నాను. ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోనా?

జడ్చర్ల ట్రాన్స్‌పోర్ట్:
ఒప్పుకోకు. ఫ్యాక్టరీలో మెషిన్ మీద సెట్ అయినదే నాలుగు నెలలు ఆగలేదు, షోరూం పిల్లగాడు చేత్తో సెట్ చేస్తే ఆగుతుందా?

మిర్యాలగూడ గ్యారేజ్:
ఇక్కడ జడ్చర్ల అన్నతో సగం ఒప్పుకుంటాను. క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి, జతగానే మార్చాలి. ఒక్కటే మారుస్తామంటే లేచి వచ్చేయ్. పళ్ల మధ్య సందు మిల్లీమీటరులో ఐదో వంతు అటూ ఇటూ ఉంటుంది, చేతి అంచనాకు అందదు. డయల్ గేజ్ (సన్న సందులు కొలిచే ముల్లు మీటరు) పెట్టి చూడాలి, పళ్లకు రంగు పూసి తిప్పి మరక ఎక్కడ పడిందో చూడాలి. ఆ రెండూ నీ ముందు చేస్తామంటే సెట్టు మార్చినా బండి బాగుంటుంది. గేజ్ ఎక్కడుందని అడుగు. వెతుక్కుంటే అర్థమైపోతుంది.

హౌసింగ్ లోపల రేకులు మిగలకుండా కడిగించు. కొత్త బేరింగును పాత రేకులే తింటాయి. పైన బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయిందేమో చూడమను.

నకిరేకల్ లోడ్‌బండి:
అడిగాను. గేజ్ లేదట, హైదరాబాద్ బ్రాంచ్ నుంచి మనిషితో సహా వస్తుందట, శుక్రవారం అన్నారు. అప్పటిదాకా బండి పిట్ మీదే. ఈ నెల కిస్తీకి మా బావ దగ్గర తీసుకున్నాను. నిమ్మకాయలు ఆయన ట్రాలీ ఆటోలో వేసి పంపుతున్నాను, ట్రిప్పుకు సగం కూడా పట్టడం లేదు.

జడ్చర్ల ట్రాన్స్‌పోర్ట్:
నేనైతే ఇంకా నడిపేవాణ్ని.

మిర్యాలగూడ గ్యారేజ్:
ఆ రోలర్ ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడన్నా.