హిందీ మాన్యువల్‌లో ఆటోమేటిక్ నంబరింగ్: దేవనాగరి అంకెలు రావడం లేదు, అసలు పెట్టాలా వద్దా?

మాన్యువల్ పని

అందరికీ నమస్కారం. ఒక మెషీన్ మెయింటెనెన్స్ మాన్యువల్‌ని హిందీలో తయారు చేస్తున్నాను, వర్డ్‌లోనే. రెండు వందల పేజీలు దాటింది, హెడ్డింగులు నాలుగు లెవెల్స్, అన్నీ ఆటోమేటిక్ నంబరింగే. మొదటి డ్రాఫ్ట్ చూసిన రివ్యూయర్ గారు "డాక్యుమెంట్ హిందీలో ఉన్నప్పుడు అంకెలు కూడా హిందీవే ఉండాలి" అన్నారు. సరే అని వర్డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే న్యూమరల్ అనే చోట హిందీ అని కనిపించింది, అది పెట్టి ఓకే కొట్టాను. తీరా చూస్తే ఫైల్ నిండా అరబిక్ పేపర్లలో కనిపించే అంకెలు వచ్చాయి! దేవనాగరివి ఒక్కటీ లేవు.

తర్వాత ఎవరో చెప్పారని ఒక పాత ఫాంట్ తెచ్చి నంబర్లకు మాత్రం అది పెట్టాను. ప్రింట్‌లో బాగానే వచ్చింది గానీ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే 1, 2, 3 అనే వస్తున్నాయి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మళ్ళీ మొదటికే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీష్ మాన్యువల్‌లో ఉపదశలకు ఏ, బీ, సీ అని ఉంటే హిందీలో క, ఖ, గ పెట్టాం. ఇద్దరు అనువాదకులు చేశారు, ఒకరు ఙ రాశారు, ఇంకొకరు ఆ అక్షరంతో మాటలే మొదలవవు కదా అని దాన్ని వదిలేసి ఘ తర్వాత నేరుగా చ వేశారు, అది కూడా చేత్తో టైప్ చేసి. ఏది సరైనది? డెలివరీ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

అక్షరకూర్పు

ఆ హిందీ ఆప్షన్ దగ్గర చాలామంది పడతారండీ, మీ తప్పేం లేదు. అక్కడ హిందీ అంటే మన హిందీ భాష కాదు. అరబ్బులు తాము వాడే ఆ అంకెల్ని హిందీ అంకెలు అంటారు, ఆ పద్ధతి భారతదేశం నుంచి వచ్చింది కాబట్టి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ పేరునే మెనూలో పెట్టేశారు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అరబిక్, హీబ్రూ కోసం ఉన్న అంకెల సెట్టింగ్‌లో కూడా ఇదే తంతు. పైగా వర్డ్‌లో అది అంకెల్ని తెర మీద ఎలా చూపించాలో చెప్పే సెట్టింగ్ మాత్రమే, నంబరింగ్ స్టైల్‌ని అది మార్చదు. ముందు దాన్ని మళ్ళీ అరబిక్ అనే దానికి మార్చేయండి, 1, 2, 3 వెనక్కి వస్తాయి.

దేవనాగరి కావాలంటే దారి వేరు. ఆఫీస్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో ఎడిటింగ్ భాషగా హిందీని చేర్చి వర్డ్ మూసి తెరవండి. తర్వాత డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్ తెరిచి, లెవెల్ ఎంచుకుని, నంబర్ స్టైల్ జాబితాలో కిందికి వెళ్ళండి. హిందీకి నాలుగు రకాలు కనిపిస్తాయి: అచ్చులు, హల్లులు, దేవనాగరి అంకెలు, ఏక్ దో తీన్ అని మాటల్లో. మీ హెడ్డింగ్ స్టైల్‌ని ఆ లెవెల్‌కి లింక్ చేస్తే చాలు. నంబర్‌గా పెట్టిన క్రాస్ రిఫరెన్సులు ("ఫలానా సెక్షన్ చూడండి" అని వర్డ్ తనే వేసే నంబర్లు) అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్9 కొట్టగానే కొత్త రూపంలోకి వస్తాయి. బొమ్మల కింది క్యాప్షన్ నంబర్లు, పేజీ నంబర్లు మాత్రం వాటంతట అవి మారవు. అవి వేరే ఫీల్డులు, వాటి ఫార్మాట్ విడిగా పెట్టుకోవాలి. ఇది మర్చిపోతే హెడ్డింగ్ ఒక లిపిలో, బొమ్మ నంబర్ ఇంకో లిపిలో ఉంటాయి, ప్రింట్ అయ్యేదాకా ఎవరి కంటా పడదు.

ఇంకొకటి, దేవనాగరి అక్షరాలకి వర్డ్ కాంప్లెక్స్ స్క్రిప్ట్ (దేవనాగరి, అరబిక్ లాంటి లిపులకు ఫాంట్ సెట్టింగ్స్‌లో ఉన్న విడి భాగం) కింద పెట్టిన ఫాంట్, సైజు, బోల్డ్ తీసుకుంటుంది. హెడ్డింగ్ స్టైల్‌లో అవి కూడా సరిచూడండి, లేకపోతే నంబర్ ఒక సైజులో, పక్కన మాట ఇంకో సైజులో వస్తుంది.

పాత ఫాంట్ పద్ధతి మాత్రం వద్దండీ. ఫైల్‌లో ఉన్నది 1 అయితే దాని మీద దేవనాగరి ముసుగు వేసినట్టే అది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దేవనాగరి అంకెలకు 0966తో మొదలయ్యే పది స్థానాలు విడిగా ఉన్నాయి, తెలుగు ౧, ౨, ౩లకి 0సీ66 నుంచి ఉన్నట్టే. నిజమైన అంకె ఫైల్‌లో ఉంటే ఏ ఫాంట్‌లో చూసినా, ఎక్కడికి కాపీ చేసినా అదే ఉంటుంది.

అనువాదకురాలు

ఎలా పెట్టాలో పైన చెప్పారు. పెట్టాలా వద్దా అన్నది నేను చెప్తాను, ఎందుకంటే ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, ప్రతి ప్రాజెక్టులో ఈ ప్రశ్న వస్తుంది.

హిందీ డాక్యుమెంట్ అంటే దేవనాగరి అంకెలే ఉండాలన్న రూల్ లేదండీ. రాజ్యాంగం 343(1) చూడండి: కేంద్ర ప్రభుత్వ అధికార భాష దేవనాగరి లిపిలో హిందీ, అంకెలు మాత్రం భారతీయ అంకెల అంతర్జాతీయ రూపంలో, అంటే ఈ 1, 2, 3. లిపి గురించి, అంకెల గురించి రాజ్యాంగ సభలో గట్టి వాదనలే జరిగాక 1949 సెప్టెంబర్ 14న ఒప్పుకున్న మాట అది. మీది ప్రభుత్వ కాగితం కాదు కాబట్టి అది మిమ్మల్ని కట్టిపడేయదు, కానీ అంతర్జాతీయ అంకెలు పెడితే హిందీ తక్కువైపోతుందన్న మాటకి మాత్రం జవాబు అక్కడే ఉంది, రివ్యూయర్ గారికి చూపించండి.

రాజ్యాంగం హిందీ ప్రతిలో నంబరింగ్ ఎలా ఉందో చూస్తే మీ ఙ సమస్యా తీరుతుంది. అధికరణానికి, క్లాజుకి 1, 2, 3, దాని కింద ఉపఖండాలకి క, ఖ, గ. ఇంగ్లీష్‌లో 19(1)(జీ) అని మనం వినేది, వృత్తి స్వేచ్ఛ గురించినది, హిందీలో 19(1)(ఛ). వేళ్ళ మీద లెక్కపెట్టండి: క, ఖ, గ, ఘ, ఙ, చ, ఛ. ఏడోది. జీ కూడా ఏడోదే. ఙ వదిలేస్తే ఏడోది జ అవుతుంది, ఇంగ్లీష్ మాన్యువల్ చేతిలో పెట్టుకుని ఫోన్‌లో "జీ దశ మళ్ళీ చేయండి" అని చెప్పే ఇంజనీరుకీ, హిందీ మాన్యువల్ చూస్తున్న టెక్నీషియన్‌కీ ఒక అక్షరం తేడా వచ్చేస్తుంది. కాబట్టి ఙ ఉంచండి.

ఇక అసలు భయం విలువల దగ్గర. దయచేసి టార్క్, వోల్టేజ్, క్లియరెన్స్, పార్ట్ నంబర్లు దేవనాగరిలోకి మార్చనివ్వకండి. దేవనాగరి ఒకటి తోకతో చూడటానికి మన 9లా ఉంటుంది, నాలుగు పైన తెరుచుకున్న 8లా ఉంటుంది. ఎప్పుడూ 1, 2, 3 చదివే మనిషి గ్రీజు చేతులతో, తక్కువ వెలుతురులో 14ని 98గా చదివితే? గేజ్ మీద, నేమ్‌ప్లేట్ మీద ఉన్నవి అంతర్జాతీయ అంకెలే, కాగితం మీద ఇంకో రూపం పెడితే చదివేవాడు ప్రతిసారీ మనసులో మార్చుకోవాలి. మరాఠీ, నేపాలీ పాఠకుల సంగతి వేరు, వాళ్ళకి దేవనాగరి అంకెలు రోజూ కంటికి అలవాటు, అక్కడైతే నేనే పెట్టమంటాను.

మాన్యువల్ పని

మేడమ్ గారు, ఆ 14, 98 మాట చదివి మా మాన్యువల్‌లో టార్క్ టేబుల్ తెరిచి చూశాను, 14 రెండు చోట్ల ఉంది. ఒళ్ళు జలదరించింది. రివ్యూయర్ గారితో మాట్లాడాను. విలువలు ముట్టుకోనవసరం లేదని ఒప్పుకున్నారు, అధ్యాయం నంబర్ ఒక్కటైనా హిందీలో కనిపించాలి అంటున్నారు. కానీ అధ్యాయానికి మాటల్లో తీన్ అని పెడితే కింద సెక్షన్లన్నీ 'తీన్.2' అని వస్తున్నాయి. దీనికేమైనా దారి ఉందా? ఇదే సమాచారం తర్వాత వెబ్ పేజీల్లోకీ వెళ్తుంది, అక్కడ ఏం చేయాలి?

టెక్స్ట్ కన్నా ట్యాగ్ మిన్న

వెబ్ సంగతి నేను చెప్తా. సీఎస్‌ఎస్‌లో, అంటే వెబ్ పేజీ రూపం చెప్పే కోడ్‌లో, లిస్ట్ స్టైల్ టైప్‌కి దేవనాగరి అని ఇస్తే అంకెలు వచ్చేస్తాయి, తెలుగు అని ఇస్తే ౧, ౨ వస్తాయి. క, ఖ, గ కావాలంటే అందులోనే కౌంటర్ స్టైల్ అనే నియమంలో అక్షరాల వరుస మీరే రాసుకోవాలి, ఙతో సహా. ఒక్క విషయం గుర్తుంచుకోండి, అలా బ్రౌజర్ వేసిన నంబర్ పేజీ టెక్స్ట్‌లో భాగం కాదు, పేజీలో వెతికితే దొరకదు. జనం నంబర్ పట్టుకుని వెతికే సెక్షన్ హెడ్డింగులకు నంబర్ టెక్స్ట్‌లోనే ఉండేలా పబ్లిష్ చేయండి.

సమాచారాన్ని ట్యాగులతో ఎక్స్‌ఎంఎల్‌లో దాచి, దాన్ని పేజీలుగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో తీస్తుంటే ఇంకా తేలిక, నంబర్ ఫార్మాట్‌లో 1కి బదులు దేవనాగరి ఒకటి రాస్తే చాలు, మిగతా లెక్క అదే చూసుకుంటుంది. లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి, దానిలో భాషల కోసం ఉన్న పాలీగ్లాసియా ప్యాకేజీలో హిందీకి న్యూమరల్స్ అని ఆప్షన్ ఉంది, దేవనాగరి, వెస్టర్న్ రెండిట్లో ఏదైనా ఇవ్వొచ్చు.

సెక్షన్ నంబర్లు పట్టుకునే స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) ఏవైనా ఉంటే మాత్రం ముందే చూసుకోండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అంటే టెక్స్ట్‌లో వెతకడానికి రాసే నమూనాలో, అంకె అని రాసే గుర్తు పైథాన్ 3లో మామూలు టెక్స్ట్ మీద దేవనాగరి అంకెల్నీ పట్టుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో 0 నుంచి 9 దాకానే. మా దగ్గర లింకులు చెక్ చేసే స్క్రిప్ట్ ఒక అధ్యాయం మొత్తాన్ని చప్పుడు చేయకుండా దాటేసింది, ఎర్రర్ కూడా రాలేదు, రెండు రోజులు వెతికితే గానీ దొరకలేదు.

అక్షరకూర్పు

తీన్.2 సమస్యకి వర్డ్‌లోనే మందు ఉందండీ. అదే మల్టీలెవెల్ లిస్ట్ డైలాగ్‌లో మోర్ నొక్కితే లీగల్ స్టైల్ నంబరింగ్ అని టిక్ ఉంటుంది. మొదటి లెవెల్‌కి పెట్టకండి. రెండు, మూడు, నాలుగు లెవెల్స్‌కి ఒక్కొక్కదానికీ విడిగా టిక్ పెట్టండి. అప్పుడు అధ్యాయం 'తీన్' అనే ఉంటుంది, కింద సెక్షన్లు 3.1, 3.2, 3.2.1 అని వస్తాయి.

దశల లిస్ట్ వేరుగా చేయండి, హెడ్డింగుల లిస్ట్‌తో కలపకండి. మొదటి లెవెల్ 1, 2, 3, రెండో లెవెల్ హిందీ హల్లులు, మొదటి లెవెల్ మారిన ప్రతిసారీ మళ్ళీ క నుంచి మొదలయ్యేలా రీస్టార్ట్ టిక్. అనువాదకులు చేత్తో టైప్ చేసిన అక్షరాలన్నీ తీసేశాకే ఇది అప్లై చేయండి, లేకపోతే ప్రతి దశ ముందూ రెండేసి అక్షరాలు వస్తాయి.

మాన్యువల్ పని

పనిచేసింది! అధ్యాయాలు మాటల్లో, సెక్షన్లు 3.2 అని, ఉపదశలు క నుంచి. ఎక్కువ ఉపదశలున్న చోటు వెతికి ఏడోది చూశాను, ఛ అనే ఉంది, ఇంగ్లీష్‌లో ఆ దశ జీ. క్యాప్షన్లు 1, 2, 3గానే ఉంచేశాను. ఇప్పుడు ఙ లేకుండా టైప్ చేసిన అధ్యాయాల్లో, వాక్యాల మధ్య "దశ చ చూడండి" అని చేత్తో రాసినవి ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటీ క్రాస్ రిఫరెన్సుగా మారుస్తున్నాను.